కళ్లద్దాల పవర్ తరచూ మారుతుంటే సెలవుల దాకా ఆగవద్దు

వరంగల్, కరీంనగర్ వైపు నుంచి ఎమ్మెస్ చదువుకు అమెరికా వచ్చిన పిల్లలు తరచూ అడిగే సందేహం ఒకటుంది: అద్దాల పవర్ మళ్లీ మారింది, ఇంటికి వెళ్లినప్పుడు చూపించుకుంటే సరిపోదా అని. కంటి వంపులోని తేడాను సరిచేసే సిలిండర్ పవర్ పెరుగుతూ పోతున్నా, కొత్త అద్దాలతో కూడా అక్షరాల పక్కన నీడలు కనిపిస్తున్నా ఆగవద్దని నా సలహా. అది కెరటోకోనస్ కావచ్చు. కంటి ముందుభాగంలోని పారదర్శక పొర అయిన కార్నియా పలుచబడి శంకువులా ముందుకు పొడుచుకువచ్చే ఈ జబ్బు యుక్తవయసులో మొదలై, చాలామందిలో ముప్పై దాటేవరకు ముదురుతుంది. మామూలు అద్దాల పరీక్షలో తొలిదశ బయటపడకపోవచ్చు కనుక కార్నియా ఆకారాన్ని కొలిచే కార్నియల్ టోపోగ్రఫీ చేయమని మీరే అడగండి.

ముదరకుండా ఆపేది క్రాస్ లింకింగ్ అనే చికిత్స. రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2) చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి కార్నియాను గట్టిపరుస్తారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో రూపొందిన ఈ చికిత్సకు అమెరికాలో 2016లో అనుమతి లభించింది. పోయిన చూపును ఇది పూర్తిగా తిరిగి ఇవ్వదు, ఉన్నదాన్ని నిలబెడుతుంది. తర్వాత కూడా అద్దాలో, స్క్లెరల్ లెన్సులో (కంటి తెల్లగుడ్డుపై ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్సులు) అవసరపడతాయి. సాధారణంగా కార్నియా మందం 540 మైక్రాన్ల (అర మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ) దరిదాపుల్లో ఉంటుంది. క్రాస్ లింకింగ్ ప్రామాణిక పద్ధతిలో కార్నియా పైపొర తీస్తారు, తీశాక కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. ఆలస్యమైతే ఆ మందం కరిగిపోయి, మచ్చపడి, చివరికి కార్నియా మార్పిడి దాకా వెళ్లవచ్చు. మార్పిడి చేయించుకున్నవారు కుట్లతో నెలల తరబడి గడపాలి, ఏళ్ల తర్వాత కూడా శరీరం దాన్ని తిరస్కరించే ప్రమాదాన్ని గమనించుకుంటూ ఉండాలి.

ఖర్చు విషయంలో ఒక మాట. ఇది కంటి జబ్బు కనుక అద్దాలకు, చూపు పరీక్షకు ఉండే విజన్ ప్లాన్‌తో కాక మెడికల్ ఇన్సూరెన్స్‌తో ముడిపడుతుంది. ముందస్తు అనుమతి కోసం చాలా కంపెనీలు జబ్బు ముదురుతోందన్న రుజువు అడుగుతాయి. అందుకే పాత చీటీలు, స్కాన్ రిపోర్టులు వెంట తెచ్చుకోండి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట చేయించుకోవాలనుకుంటే, పైపొర మానేదాకా ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవాలి గనుక, వెంటనే తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. అద్దాలు వదిలించుకుందామని పరీక్ష లేకుండా లేసిక్‌కు (లేజర్‌తో కార్నియాను చెక్కి చూపు సరిచేసే ఆపరేషన్) అసలే ఒప్పుకోవద్దు, ఈ జబ్బున్న కార్నియాను అది మరింత బలహీనపరుస్తుంది.

కళ్లు నలపడం ఈ రోజే మానండి. ఇక్కడి వసంతంలో పుప్పొడికి దురద పెడితే అలర్జీ చుక్కలు రాయించుకోండి. కుటుంబాల్లో వచ్చే అవకాశమున్న జబ్బు కనుక, మీకు తేలితే ఇంటి దగ్గరున్న తమ్ముడినో చెల్లెలినో వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో చూపించమని అమ్మానాన్నలకు ఫోన్ చేసి చెప్పండి.