అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో తొలి ఏడాది కుర్రాళ్లకు ర్యాంకు ఏ లెక్కన ఇవ్వాలి?

హైస్కూల్లో వచ్చిన స్టార్ రేటింగును పక్కనబెట్టి, ఆట చేజారేలా ఉన్న ఘడియలో కుర్రవాడు ఏం చేశాడో చూడాలి. 2024 సీజన్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ రిసీవర్ (పాసులు అందుకునే ఆటగాడు) జెరమాయా స్మిత్ 1,315 గజాలు, 15 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి చేసే స్కోర్లు) సాధించినా, నా దృష్టిలో అతణ్ణి అందరికంటే పైన నిలబెట్టేది నోటర్‌డేమ్‌తో ఫైనల్ చివర్లో, మూడో డౌన్‌లో (బంతిని ముందుకు తీసుకెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) 11 గజాలు కావలసినప్పుడు, డిఫెండరును దాటిపోయి అందుకున్న 56 గజాల పాసు. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఏటా అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీని 2012లో గెలిచిన తొలి ఫ్రెష్‌మన్ (తొలి ఏడాది ఆటగాడు) జానీ మాంజెల్ అంతకుముందే ఒక ఏడాది మ్యాచ్‌లు ఆడకుండా జట్టుతో శిక్షణ పొందిన ‘రెడ్‌షర్ట్’ (పేరుకు ఫ్రెష్‌మనే, వయసుకు కాదు). అందువల్ల 1980లో హైస్కూలు నుంచి నేరుగా వచ్చి, జార్జియా యూనివర్సిటీ తరఫున 1,616 గజాలు పరుగెత్తిన హెర్షెల్ వాకర్‌ను నేను మాంజెల్ కంటే పైన ఉంచుతాను.