పదకొండు సర్టిఫికెట్లు, ఒకే ఒక్క పాఠకుడు

ప్రశ్న: నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. మొక్కలు నీటి ఎద్దడిని ఎలా తట్టుకుంటాయన్నది నా పరిశోధన. పరిశోధక విద్యార్థుల కోసం మా విశ్వవిద్యాలయం నడిపే కార్యక్రమాల గురించి వారానికి నాలుగైదు మెయిళ్లు వస్తాయి. రచనా శిక్షణ, నాయకత్వ వర్క్‌షాపు, పోస్టర్ తయారీ, ప్రయాణ గ్రాంట్లు, ఇంకా ఎన్నో. మొదటి ఏడాది దొరికినవాటన్నిటికీ వెళ్లి పదకొండు సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను. వాటివల్ల ఏం మారిందని అడిగితే చెప్పలేను. గైడ్ గారేమో "ఆ సమయం ల్యాబ్‌లో పెట్టు" అంటున్నారు. అధ్యాపక వృత్తిలోకి వెళ్లాలో, పరిశ్రమలోకి వెళ్లాలో కూడా ఇంకా తేల్చుకోలేదు. వీటిలో వేటిని ఎంచుకోవాలి? గైడ్ గారిని ఎలా ఒప్పించాలి? ఈ మధ్య రాత్రుళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు, అది వేరే విషయం లెండి.

జవాబు: మీ ఉత్తరంలో రెండు చోట్ల ఆగాను. పదకొండు సర్టిఫికెట్ల దగ్గర ఒకసారి, చివర్లో "వేరే విషయం లెండి" అన్న దగ్గర ఇంకోసారి. రెండోదాన్ని మరిచిపోను, కాసేపట్లో వస్తాను.

ముందుగా సర్టిఫికెట్ల సంగతి. అభ్యర్థుల దరఖాస్తులు చూసే గదుల్లో నేనూ కొన్నిసార్లు కూర్చున్నాను. "నాయకత్వ వర్క్‌షాపు, ఒకరోజు" అన్న పంక్తి దగ్గర ఎవరి చూపూ ఆగగా చూడలేదు. అందుకని ఆ కార్యక్రమాలన్నీ దండగ అని తేల్చేయకండి. మీరు వెళ్లినవాటిలో చాలావరకు కూర్చుని వినేవే అయి ఉంటాయని నా అనుమానం. వంద మందితో కలిసి విన్న ఉపన్యాసం మీ పనిని తాకదు.

ఒక చిన్న లెక్క వేయండి. ఈ రెండేళ్లలో మీరు రాసినదాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివినవారు ఎంతమంది? చాలామంది విషయంలో ఆ సంఖ్య ఒకటి. ఆ ఒక్కరూ గైడే. ఆయనకు మీ ప్రయోగం సంగతంతా తెలుసు కాబట్టి మీరు సగం చెప్పి వదిలేసిన వాక్యాన్ని తెలియకుండానే పూరించుకుని చదువుతారు. బయటివారు అలా పూరించుకోలేరు. నా థీసిస్ మౌఖిక పరీక్షలో బయటి పరీక్షకుడు అడిగిన మొదటి ప్రశ్న, మూడేళ్లుగా నేను ప్రతి పేజీలోనూ వాడుతున్న ఒక మాటకు అర్థం ఏమిటని. నేను దాన్ని ఎక్కడా నిర్వచించలేదు. మా గైడ్‌కు, నాకు ఆ లోటు ఎప్పుడూ కనపడలేదు.

అందుకే మెయిల్ వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వేసుకోండి: ఇది పూర్తయ్యేసరికి మా ల్యాబ్‌కు సంబంధం లేని మనిషి ఒక్కరైనా నా పనిని చదివో, వినో, అందులో తప్పు పట్టో ఉంటారా? ఉంటారనిపిస్తే వెళ్లండి. లేకపోతే ఆ రోజు ల్యాబ్‌లోనే ఉండండి. ఈ విషయంలో నేను మీ గైడ్ పక్షమే.

ఈ గీటురాయి మీద, విద్యార్థుల రాతలు చదివి సలహా ఇచ్చే రచనా కేంద్రం బాగా నిలుస్తుంది. మీ విశ్వవిద్యాలయంలో అది ఉంటే, అక్కడ జరిగే సామూహిక తరగతులను పక్కనపెట్టి విడిగా కూర్చుని మాట్లాడే అపాయింట్‌మెంట్ తీసుకోండి. అధ్యాయం మొత్తం పట్టుకెళ్లవద్దు. మూడు పేజీలు చాలు. "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అనే అంటారు, మనుషులు మర్యాదస్తులు. దానికి బదులు "రెండో పేజీ చదివాక నేను ఏం నిరూపించబోతున్నానని మీకు అనిపించింది?" అని అడగండి. అవతలి వ్యక్తికి వృక్షశాస్త్రం రాదని చాలామంది నొచ్చుకుంటారు. నిజానికి రాకపోవడమే మీకు మేలు. వేరే విభాగాలవారు నలుగురైదుగురు కలిసి వారానికోసారి ఒకరి రాతలు ఒకరు చదువుకునే బృందం దొరికితే మరీ మంచిది. దొరకకపోతే మీరే మొదలుపెట్టవచ్చు. దానికి ఏ కార్యాలయం అనుమతీ అక్కర్లేదు.

గణాంక సలహా కేంద్రం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మీ పరిశోధనకు ఇది ప్రాణం లాంటిది, విద్యార్థులేమో ఎప్పుడూ ఆలస్యంగానే అక్కడికి వెళ్తారు. ప్రయోగం ముగిశాక గణాంక నిపుణుణ్ని సంప్రదించడమంటే తరచుగా శవపరీక్ష చేయమని అడగడమే, మహా అయితే ప్రయోగం దేనివల్ల చచ్చిపోయిందో ఆయన చెప్పగలడు అని 1938లో ఒక ప్రసంగంలో అన్నది గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్. ఆయన ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఏళ్ల తరబడి పంటల ప్రయోగాలతోనే కుస్తీ పట్టినవాడు, అంటే మీ దారిలోనే నడిచినవాడు. మీ రంగంలో తరచూ కనిపించే పొరపాటు ఒకటి చెబుతాను. ఒకే మొక్క నుంచి 20 ఆకులు కోసి కొలిచి, తన దగ్గర 20 నమూనాలు ఉన్నాయనుకుంటారు. నీళ్లు ఆపింది మొక్కకు కాబట్టి నమూనా ఒక్కటే. నీళ్లు ఆపిన కుండీలన్నీ మొక్కలు పెంచే ఒక గదిలో, నీళ్లు పోసినవన్నీ ఇంకో గదిలో పెడితే మరో చిక్కు: కనిపించిన తేడా నీటిదో గదిదో ఇక ఎవరూ తేల్చలేరు. ఇలాంటివి విత్తనం వేయకముందు గంటసేపు మాట్లాడితే సరిపోతాయి. వేశాక ఏడాది పోతుంది. తర్వాతి ప్రయోగం పథకాన్ని ఒక కాగితం మీద గీసుకుని వెళ్లండి. ఏ కుండీ ఎక్కడ ఉంటుందో కూడా అందులో ఉండాలి.

కోడ్ రాయడం, డేటాను చక్కబెట్టుకోవడం నేర్చుకోవాలంటే కార్పెంట్రీస్ వర్క్‌షాపులు జరుగుతాయేమో కనుక్కోండి. 1998లో సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీగా మొదలైన ఈ ప్రయత్నం 2018లో డేటా కార్పెంట్రీతో కలిసి ఒకే సంస్థ అయింది. బోధించేవారు స్వచ్ఛంద శిక్షకులు, సాధారణంగా రెండు రోజుల కార్యక్రమం. అక్కడి పద్ధతి నాకు ముచ్చటగా ఉంటుంది. ప్రతివారికీ రెండు రంగుల అంటుకునే చీటీలు ఇస్తారు. పని అయితే ఒక రంగు, చిక్కుకుంటే ఇంకో రంగు కంప్యూటర్‌కు అంటిస్తే సహాయకులు మీ దగ్గరికే వస్తారు. చెయ్యెత్తి "నాకు అర్థం కాలేదు" అనడానికి మొహమాటపడేవారికి అది పెద్ద ఉపశమనం.

ఇక మాట్లాడటం. మూడు నిమిషాల థీసిస్ పోటీ గురించి వినే ఉంటారు. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. కదలికలు లేని ఒకే ఒక్క స్లయిడు, మూడు నిమిషాలు, అంతే. దాని పుట్టుక కథ మీకు నచ్చుతుంది, ఎందుకంటే అదీ నీటి ఎద్దడి కథే. అప్పుడు ఆ రాష్ట్రం తీవ్రమైన కరవులో ఉంది. నీళ్లు పొదుపు చేయడానికి జనం స్నానాల గదిలో మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకునేవారు. ఆ గడియారాన్ని చూశాకే అక్కడి పరిశోధక విద్యార్థుల విభాగం అధిపతికి ఈ ఆలోచన వచ్చిందట. గెలుపు సంగతి నాకు పట్టదు. మూడు నిమిషాలకు కుదించే ప్రయత్నంలో, తన పరిశోధన అసలు దేని గురించో తనకే సరిగా తెలియదని కనుక్కున్న విద్యార్థులను చూశాను. రెండో ఏడాదిలో అది తెలియడం అదృష్టం. ఐదో ఏడాదిలో తెలిస్తే గండం.

పోస్టర్ తయారీ వర్క్‌షాపు ఒకసారి చాలు. ఆటలాడించే నాయకత్వ శిక్షణలు వదిలేయండి.

అధ్యాపకత్వమా, పరిశ్రమా అన్న ప్రశ్నకు కుర్చీలో కూర్చుని జవాబు దొరకదు. ఒక ఆధారం కావాలంటే వ్యక్తిగత అభివృద్ధి ప్రణాళిక ఒకటి రాసుకోండి. విజ్ఞానశాస్త్ర విద్యార్థుల కోసం 2012 నుంచి మైఐడీపీ అనే ఆన్‌లైన్ సాధనం ఉంది. మీ నైపుణ్యాలు, ఆసక్తులు, విలువల గురించి ప్రశ్నలు అడిగి, వాటికి సరిపడే వృత్తులను చూపిస్తుంది. మానవీయ, సామాజిక శాస్త్రాల్లో ఉన్న మీ స్నేహితులకు ఇమాజిన్ పీహెచ్‌డీ అనే సాధనం గురించి చెప్పండి. అయితే ఆ ఫలితాన్ని జాతకంలా నమ్మవద్దు. అది ఇచ్చే వృత్తుల జాబితాలోంచి మూడింటిని తీసుకుని, ఆ పని చేస్తున్న మనుషులను వెతకడానికే వాడుకోండి. పూర్వవిద్యార్థుల కార్యాలయం అందుకే ఉంది. ఇరవై నిమిషాలు అడగండి, ఉద్యోగం మాత్రం అడగవద్దు. "నిన్న ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అన్నది నాకు తెలిసినంతలో మంచి ప్రశ్న. "మీ ఉద్యోగం ఎలా ఉంటుంది?" అంటే అందంగా చెబుతారు. నిన్నటి సంగతి అడిగితే నిజం చెబుతారు.

అధ్యాపక వృత్తి వైపు మనసు లాగుతుంటే, బోధనా సహాయకుల శిక్షణలో చేరి, మీ తరగతిని ఎవరైనా వెనక కూర్చుని గమనించే ఏర్పాటు చేయమనండి. అమెరికాలో 1993 నుంచి నడుస్తున్న ప్రిపేరింగ్ ఫ్యూచర్ ఫ్యాకల్టీ కార్యక్రమం ఇంకో అడుగు ముందుకు వేసింది. పెద్ద పరిశోధనా విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థికి, ప్రధానంగా బోధన మీద నడిచే కళాశాలల్లో అధ్యాపకుడి రోజు ఎలా గడుస్తుందో అక్కడికే పంపి చూపిస్తుంది. "ప్రొఫెసర్" అన్న ఒకే మాట కింద ఎన్ని వేర్వేరు ఉద్యోగాలు ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. మీ దగ్గర అలాంటి కార్యక్రమం లేకపోతే వేరే కళాశాలలో ఒక అధ్యాపకుడి వెంట ఒక రోజు ఉండటానికి అనుమతి అడగండి.

ప్రయాణ గ్రాంటు చిన్నదైనా దరఖాస్తు పెట్టండి. డబ్బు రావడం ఒక లాభం, మీ పని ఎందుకు ముఖ్యమో తెలియనివారికి ఒక పేజీలో చెప్పడం ఇంకో లాభం. తిరస్కరిస్తే కారణాలు పంపమని అడగండి. కొందరు పంపుతారు. ఆర్థికంగా హఠాత్తుగా కష్టం వస్తే ఆదుకునే అత్యవసర నిధి చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంటుంది. దాని చిరునామా అవసరం పడకముందే తెలుసుకుని ఉంచుకోండి.

ఇప్పుడు ఆ "వేరే విషయం". అది వేరే విషయం కాదు. 2018లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో ఒక సర్వే వచ్చింది. 26 దేశాల్లోని 2,279 మంది జవాబిచ్చారు, వారిలో ఎక్కువమంది పీహెచ్‌డీ విద్యార్థులే. మధ్యస్థం నుంచి తీవ్ర స్థాయి దాకా ఆందోళన ఉన్నట్టు 41 శాతం మంది జవాబుల్లో తేలింది. ఇష్టపడి జవాబిచ్చినవారి లెక్క కాబట్టి, బాధ ఉన్నవారే ఎక్కువగా స్పందించి ఉండవచ్చు. ఆ మేరకు తగ్గించి చూసినా మీరు ఒంటరి కారని చెప్పడానికి అది చాలు. గైడ్‌తో అంతా సవ్యంగా ఉన్న రోజు, ప్రయోగం కుదిరిన రోజు రాత్రి కూడా నిద్ర పట్టడం లేదా? వారాల తరబడి ఇలాగే ఉందా? అయితే ఈ వారమే విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రంలో సమయం తీసుకోండి, వైద్యుడికీ చూపించుకోండి. మొదటి కలయికలోనే రెండు విషయాలు అడగండి: నేను చెప్పేది మా విభాగానికి తెలుస్తుందా, ఎన్నిసార్లు రావచ్చు? చెప్పినదాన్ని గోప్యంగా ఉంచడమే అక్కడి సాధారణ నియమం, ప్రాణానికి ముప్పు లాంటి సందర్భాలు మినహాయింపు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు, ఆ క్షణమే పక్కనున్నవారికి చెప్పి అత్యవసర సహాయం తీసుకోండి. ఒకవేళ నిద్ర పోయింది గైడ్‌తో గొడవ వల్లే అయితే చాలాచోట్ల అంబుడ్స్ కార్యాలయం, అంటే ఎవరి పక్షమూ వహించకుండా సమస్య వినే కార్యాలయం, ఉంటుంది. అక్కడికి వెళ్లినంత మాత్రాన ఫిర్యాదు చేసినట్టు కాదు, మీకున్న దారులు ఏమిటో తెలుసుకున్నట్టు.

చివరగా గైడ్ గారు. ఆయన అభ్యంతరం శిక్షణ మీద కాకపోవచ్చు, దానికి హద్దు లేకపోవడం మీద కావచ్చు. పదకొండు వర్క్‌షాపులకు వెళ్లినప్పుడు ప్రతిసారీ వెళ్లే ముందు రోజే చెప్పి ఉంటారు, అవునా? ఈసారి ఏడాదికి ఒకేసారి, లెక్క కట్టి అడగండి. 2002లో బ్రిటన్ ప్రభుత్వానికి గారెత్ రాబర్ట్స్ ఇచ్చిన నివేదిక పీహెచ్‌డీ విద్యార్థికి ఏడాదికి కనీసం రెండు వారాల శిక్షణ ఉండాలని సిఫార్సు చేసింది. మీరు అంత కూడా అడగనక్కర్లేదు, ఆరు రోజులతో మొదలుపెట్టండి. మెయిల్ ఇలా ఉండవచ్చు:

"సార్, ఈ ఏడాది శిక్షణ కోసం మొత్తం ఆరు రోజులు కేటాయించుకోవాలనుకుంటున్నాను. తర్వాతి ప్రయోగం మొదలుపెట్టేలోపు గణాంక సలహాకు ఒక పూట, డేటా విశ్లేషణ వర్క్‌షాపుకు రెండు రోజులు, మిగతాది మొదటి పేపర్ రాతకు సంబంధించిన సలహాలకు. కోతలు, కొలతలు ఉన్న వారాల్లో ఏదీ పెట్టుకోను. గణాంక నిపుణులు సూచించిన మార్పులను మీ ముందు పెట్టాకే ప్రయోగం మొదలుపెడతాను. మీకు ఏ వారాలు అనుకూలమో చెప్పగలరు."

"వద్దు" అనే జవాబు వస్తే రచనా కేంద్రంలో ఒక గంటకు ఎవరి సెలవూ అక్కర్లేదని గుర్తుంచుకోండి. గణాంక సలహాను మాత్రం వదులుకోవద్దు, ప్రయోగం పథకాన్నే గైడ్ ముందు పెట్టి మళ్లీ అడగండి. అన్నట్టు, ఈ మెయిల్ పంపేముందు మీ ల్యాబ్‌లో పనిచేయని స్నేహితుడు ఎవరికైనా ఒకసారి చూపించండి.