న్యాయ సలహా: పేటెంట్ ఇద్దరిది, షెడ్డు ఒకరిది

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. ఎండు మిరపకాయల తొడిమలు తీసే మెషిన్ ఒకటి తయారుచేశాను. ఆలోచన, డ్రాయింగులు నావి. పెట్టుబడి, షెడ్డు నా స్నేహితుడివి. ఆరేళ్ల కింద ఇద్దరం కలిసి ఫర్మ్ పెట్టుకున్నాం. లాభాలు చెరి సగం అని తప్ప ఒప్పంద పత్రంలో మెషిన్ గురించి ఒక్క మాటా లేదు. పోయిన ఏడాది పేటెంట్ మా ఇద్దరి పేర్ల మీద వచ్చింది. ట్రేడ్‌మార్క్ మాత్రం అతని ఒక్కడి పేరునే ఉంది. డ్రాయింగులన్నీ షెడ్డులోని కంప్యూటర్‌లో ఉన్నాయి. మెషిన్‌ను నడిపించే ప్యానెల్ ప్రోగ్రామ్ హైదరాబాద్ కుర్రాడొకడు రాసిచ్చాడు. అతనికి డబ్బులిచ్చాం గానీ కాగితం రాసుకోలేదు. ఇప్పుడు విడిపోదామంటూ స్నేహితుడు రద్దు పత్రం పంపాడు. లేత్, వెల్డింగ్ సెట్, బ్యాంకు నిల్వ పంచుకుని 'ఇకపై ఒకరికొకరం ఏ బాకీ లేము' అని ఈ వారంలోనే సంతకం పెట్టాలట. రేపు నా మెషిన్ నేనే చేసుకోలేనేమోనని ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
- పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ముందు ఆ సంతకం ఆపండి. మీ ఉత్తరం చదువుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ఆయనకు ఇంకొకరితో కలిసి లేత్ షెడ్డు ఉండేది. పంపుసెట్ల ఫుట్‌వాల్వు కోసం ఆయన రాసుకున్న కొలతల పుస్తకం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. నీలం అట్ట, పేజీల అంచుల్లో గ్రీజు వేలిముద్రలు, కొట్టేసి మళ్లీ రాసిన అంకెలు. విడిపోయిన రోజు డ్రిల్లింగ్ మెషిన్ ఎవరికి, బెంచి వైస్ ఎవరికి అని పొద్దుగూకేదాకా పంచుకున్నారు. పుస్తకం మాట ఎవరూ ఎత్తలేదు. మర్నాడు వెళ్లి అడిగితే 'అది షెడ్డుది కదా' అన్నారట. జ్ఞాపకం మీద ఆ కొలతలన్నీ మళ్లీ కట్టడానికి నాన్నకు ఒక వేసవంతా పట్టింది. మీకు వచ్చిన పత్రంలోనూ లేత్ ఉంది, పుస్తకం లేదు.

ఇక మీ అసలు భయం. మీ మెషిన్ మీరు చేసుకోకుండా అతను పేటెంట్ చూపించి ఆపలేడు. ఇద్దరి పేర్ల మీద పేటెంట్ ఉండి, వేరే ఒప్పందం లేకపోతే 1970 నాటి పేటెంట్ల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఇద్దరికీ సమాన వాటా. అయితే ఇది గట్టు వేసి పొలం పంచుకోవడం లాంటిది కాదు, ఉమ్మడి బావి లాంటిది. ఎవరికి వారు తోడుకోవచ్చు, తోడుకున్నదానికి రెండోవారికి లెక్క చెప్పనక్కర్లేదు. అంటే అతను కూడా మీకు రూపాయి ఇవ్వకుండా రేపటి నుంచి అదే మెషిన్ చేసి అమ్ముకోవచ్చు. షెడ్డూ పెట్టుబడీ అతని దగ్గరున్నాయి కాబట్టి ఆ సమానత్వం మీకు పెద్దగా అక్కరకు రాదు. పోనీ ఖమ్మంలోనో బ్యాడగీలోనో ఎవరికైనా లైసెన్స్ ఇద్దామన్నా, మీ వాటా అమ్ముదామన్నా అతని సమ్మతి కావాలి. అతనికి మీ సమ్మతి కావాలి. మీ ఇద్దరి మధ్య మాటలే లేని రోజున ఆ సంతకం ఎలా వస్తుంది?

'బాకీ లేము' అన్న మాటతోనే మీ వాటా పోదు. పేటెంట్ బదిలీకి విడిగా రాతపత్రం ఉండాలి. కానీ ఇన్నేళ్ల మీ పనికి విలువ కట్టమని అడిగే దారి మూసుకుపోవచ్చు. అందుకే రద్దు పత్రంలోనే పేటెంట్ సంగతి తేల్చుకోండి. పేటెంట్ మొత్తం మీ పేరుకు మార్చి, అతనికి ఒకేసారి డబ్బో, మెషిన్‌కు ఇంత చొప్పున కొన్నేళ్లపాటు రాయల్టీయో ఇవ్వడం ఒక దారి. ఇద్దరూ ఉంచుకుని, ఎవరు ఎవరికి లైసెన్స్ ఇవ్వొచ్చో ముందే రాసుకోవడం ఇంకో దారి. నా ఓటు మొదటిదానికే. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉండే హక్కు అది. ఒక షెడ్డులో ఇమడలేనివాళ్లు అన్నేళ్లు ఒక పేటెంట్‌లో ఇమడటం నేను పెద్దగా చూడలేదు.

రాసుకున్న పత్రాన్ని చెన్నై గిండీలోని పేటెంట్ ఆఫీసు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఎక్కించకపోతే రేపు కోర్టులో దాన్ని సాక్ష్యంగా తీసుకోకపోవచ్చు. ఏటా కట్టాల్సిన ఫీజు ఎవరు కడతారో కూడా రాయండి. గడువు దాటాక 6 నెలల్లో అదనపు రుసుముతో కట్టవచ్చు, అదీ దాటితే పేటెంట్ ఆగిపోతుంది. ఆఫీసు ఉత్తరాలు ఏ చిరునామాకు వెళ్తున్నాయో ఈరోజే చూసుకోండి. అవి షెడ్డుకు వెళ్తుంటే మీకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ప్యానెల్ ప్రోగ్రామ్ విషయంలో మీ ఇద్దరికీ ఒకటే చిక్కు. డబ్బులిచ్చినా దాని కాపీరైట్ ఆ కుర్రాడిదే. అతను మీ ఉద్యోగి కాదు, రాతపూర్వక బదిలీ లేదు. వెళ్లి మంచిమాటలతో రాయించుకోండి. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని చట్టం అనుకుంటుంది. కాబట్టి ఆ రెండూ విడమరచి రాయాలి.

ట్రేడ్‌మార్క్ అతని పేరున ఉన్నా, ఫర్మ్ డబ్బుతో, ఫర్మ్ వ్యాపారం కోసం పెంచిన పేరైతే అది ఫర్మ్ ఆస్తి అని వాదించే వీలుంది. ఫర్మ్ రద్దయ్యాక లెక్కలు తేలేదాకా ఫర్మ్ పేరునూ ఆస్తినీ ఒకరు సొంతానికి వాడకుండా ఆపమని, 1932 భాగస్వామ్య చట్టం 53వ సెక్షన్ కింద కోర్టును అడగవచ్చు. అంతదాకా వెళ్లకుండా తేలితే మేలు. హీరో, హోండా 1984లో మొదలుపెట్టిన భాగస్వామ్యాన్ని 2010 డిసెంబరులో వదులుకున్నాయి. కానీ టెక్నాలజీ లైసెన్స్, పాత పేరు వాడుకునే గడువు రాసుకున్నాయి. 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్‌గా మారినా స్ప్లెండర్ల తయారీ ఆగలేదు.

డ్రాయింగుల కాపీ మీకూ ఇవ్వాలని పత్రంలో ఒక వాక్యం రాయించండి. దొంగచాటుగా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవద్దు, అది మీకే తిప్పలు తెస్తుంది. మొదటి నమూనా కోసం మీరు చేత్తో గీసిన కాగితాలు ఇంట్లో ఏమైనా మిగిలాయా? అటక మీద కూడా వెతకండి. దొరికితే జిరాక్సులు తీయించి, అసలువి బీరువాలో పెట్టండి. లాయరు దగ్గరికి రద్దు పత్రంతోపాటు ఆ జిరాక్సులు కూడా తీసుకెళ్లండి.