ఎవరు పడితే వాళ్లు మార్చే వికీపీడియాను నమ్మవచ్చా?

ఎవరైనా మార్చేయగలిగే వికీపీడియాను పిల్లల చదువుకు నమ్మవచ్చా, అక్కడ సరిచూసే వాళ్లు అసలు ఉంటారా అని ఒకరు అడిగారు. నేను ఇరవై ఆరేళ్లు సోషల్ టీచరుగా పనిచేశాను, అదంతా ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే. ఇప్పుడు తిరుపతిలో కొర్లగుంటలో ఉంటున్నాను. నా జవాబు: నమ్మవచ్చు. మన పిల్లల చేతుల్లో ఉండే జీకే పుస్తకాల కంటే ఎక్కువే నమ్మవచ్చు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో తెలియాలంటే ఒక క్విజ్ పోటీ సంగతి చెప్పాలి.

పదేళ్ల కిందట రిపబ్లిక్ డే ముందు మా మండలంలోని హైస్కూళ్లకు క్విజ్ పెట్టాం. ప్రశ్నలు అడిగేది నేనే. ఆఖరి రౌండుకు రెండు జట్లు సమానంగా ఉన్నాయి. "జనగణమన గీతాన్ని రవీంద్రనాథ్ ఠాగూర్ ఎక్కడ రాశారు?" అని అడిగాను. నా కాగితంలో జవాబు మదనపల్లె. గాంధీ రోడ్డులో కొన్న ఒక జీకే పుస్తకంలోంచి రాసుకున్నాను. పుస్తకం కూడా అక్కర్లేదు, మా జిల్లాలో చాలామంది నోట వచ్చే మాట అదే. మా నాయన నాకు చెప్పిందీ అదే.

తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి "కలకత్తా సార్" అంది. తప్పు అన్నాను. పక్క జట్టు మదనపల్లె అని అరిచింది. చప్పట్లు మోగాయి, కప్పు వాళ్లకు వెళ్లింది. ఈ అమ్మాయి మాత్రం కూర్చోలేదు.

"మదనపల్లెలో రాసింది ఇంగ్లీషు అనువాదం సార్. పాట అంతకు ముందే కలకత్తాలో పాడినారు గదా సార్."

"ఎవరు చెప్పినారమ్మా నీకు?"

"వికీపీడియాలో ఉండాది సార్."

హాలంతా నవ్వింది. అందులో ఎవరైనా ఏమైనా రాయొచ్చు, కూర్చోమ్మా అన్నాను. కూర్చుంది. ఏడవలేదు గానీ, బహుమతులు ఇచ్చేంతసేపూ తలెత్తలేదు.

ఆ రాత్రి ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నాను. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభల్లో ఆ పాట పాడారు. ఠాగూర్ మదనపల్లెకు వచ్చింది 1919లో. అక్కడి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆహ్వానం మీద వచ్చి, ఆ ఫిబ్రవరిలో అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాయడంలో సాయం చేశారు. మదనపల్లెకు ఈ గౌరవం చాలదా? పాటే అక్కడ పుట్టిందని ఎందుకు చెప్పుకోవాలి? పైగా 'ఎక్కడ రాశారు' అన్న నా ప్రశ్నే సరిగా లేదు. ఎక్కడ పాడారు, ఎక్కడ అనువదించారు అని అడిగి ఉండాలి.

సోమవారం ఆ బడికి వెళ్లి, ప్రార్థన సమయంలో అందరి ముందు తప్పు నాదని చెప్పాను. ఒక డిక్షనరీ కొని ఆ అమ్మాయికి ఇచ్చాను. కప్పు మాత్రం తిరిగి రాలేదు, పక్క జట్టు పిల్లల దగ్గర్నుంచి లాక్కోవడం భావ్యం కాదు. ఆ విషయం ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. జీకే పుస్తకం వేసిన వాళ్లకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. మరుసటి సంవత్సరం కొత్త అట్టతో వచ్చిన పుస్తకంలో అదే పేజీలో అదే వాక్యం. ఆ వాక్యం ఎవరు రాశారో, ఎక్కడినుంచి తెచ్చారో, ఎవరిని అడగాలో చెప్పేవాళ్లు లేరు. కానిస్టేబుల్ ఉద్యోగాలకూ గ్రూప్స్‌కూ చదివే పిల్లలు ఆ పుస్తకాలే కంఠతా పడుతున్నారు.

వికీపీడియాలో ఏ పేజీకైనా పైన 'చరిత్ర' అని ఉంటుంది. అది నొక్కితే ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ అక్షరం మార్చారో మొదటినుంచీ కనబడుతుంది. పాత రూపాలూ ఉంటాయి, ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు. పక్కన 'చర్చ' ఉంటుంది, అక్కడ వాదించుకోవచ్చు. అచ్చుకు ముందు చదివి సంతకం పెట్టే సంపాదకుడు ఉండడు, నిజమే. దుశ్చర్యలు చేసేవాళ్లను నిరోధించడానికి, పేజీకి తాళం వేయడానికి నిర్వాహకులు ఉంటారు. వాళ్లూ జీతం లేని వాళ్లే. అసలు కాపలా మాత్రం ఆ పేజీని తమ వీక్షణ జాబితాలో పెట్టుకున్న మామూలు మనుషులది. మార్పు జరిగితే వాళ్లకు తెలుస్తుంది.

వాట్సాప్‌లో ఇలాంటి 'చరిత్ర' ఉందా? 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట లీకైనప్పుడు కింది ఊళ్లు ఖాళీ చేయించారు. అప్పుడు నా ఫోనుకు వచ్చిన గండి వీడియోల్లో సగం ఇంకెక్కడివో. మా చెల్లెలు పిల్లలతో ఆ వైపే ఉండింది, ఆ రాత్రి మా టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ వీడియోలు మొదట పంపింది ఎవరో ఇప్పటికీ తెలియదు.

వికీపీడియాలో తప్పులు లేవని నేననను. 2005లో అమెరికాలో జాన్ సీగెంథాలర్ అనే పెద్ద పాత్రికేయుడి పేజీలో, అధ్యక్షుడు కెనెడీ, ఆయన తమ్ముడి హత్యలతో ఈయనకు సంబంధం ఉందని అనుమానించారంటూ ఎవరో అబద్ధం రాస్తే, దాదాపు నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. ఆ గొడవ తర్వాతే ఇంగ్లీషు వికీపీడియాలో ఖాతా లేనివాళ్లు కొత్త పేజీ మొదలుపెట్టడం ఆపేశారు. అదే సంవత్సరం నేచర్ అనే సైన్సు పత్రిక 42 సైన్సు వ్యాసాలను నిపుణులకిచ్చి చూపిస్తే, వికీపీడియాలో 162, పేరున్న విజ్ఞాన సర్వస్వం బ్రిటానికాలో 123 లోపాలు తేలాయి. బ్రిటానికా ఆ లెక్క ఒప్పుకోలేదు. నాకైతే అది చాలు: ఊరూపేరూ లేనివాళ్లు రాసింది మహా పండితులు రాసిన దానికి అంత దగ్గరగా వచ్చింది.

మన దగ్గర అసలు ఇబ్బంది వేరే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. జనగణమన పేజీని కాచే కళ్లు ఎన్నో ఉంటాయి. మా ఊరి పేజీని ఎవరు చూస్తారు? చాలా గ్రామాల పేజీల్లో ఉన్నది 2011 జనాభా లెక్కల సమాచారం: ఇన్ని ఇళ్లు, ఇంతమంది జనం, ఇన్ని హెక్టార్లు, సమీప కళాశాల ఫలానా చోట. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడ్డాయి, కాబట్టి అంకెలు మారలేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడ్డప్పుడు ఒక్కో ఊరి పేజీలో జిల్లా పేరు మార్చాల్సి వచ్చింది. ఎవరో ఓపికగల వాళ్లు కూర్చుని మార్చారు, వాళ్లకు దండం. వికీపీడియాలో మన ఊరి గురించి తప్పుగా ఉందని టీ అంగడి దగ్గర తిట్టేవాళ్లు నాకు చాలామంది తెలుసు. 'మార్చు' నొక్కినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

నేను నొక్కాను. రిటైరయ్యాక మా ఊరి పేజీలో చెరువు గురించి రాశాను. దాన్ని తవ్వించింది ఫలానా పాలెగాడని మా అవ్వ చెప్పిన కథ మొత్తం పెట్టాను. రెండు రోజుల్లో ఎవరో తీసేసి, మూలం ఇవ్వమని సంక్షిప్తంగా రాశారు. కోపం వచ్చింది. మా అవ్వ కంటే మూలం ఏముంటుంది? చర్చ పేజీలో అదే అడిగాను. సొంత పరిశోధన, విన్న మాట పనికిరాదని, అచ్చులో ఎక్కడైనా ఉంటే చూపమని మర్యాదగానే చెప్పారు. తర్వాత పక్క ఊళ్లో పెళ్లికి వెళ్తే, అక్కడి పెద్దాయన అదే కథ అదే పాలెగాడి పేరుతో వాళ్ల చెరువుకు చెప్పారు. ఆ రోజు నుంచి ఆ నియమం మీద నాకు గౌరవం పెరిగింది.

చెరువు ఫోటో మాత్రం తీసి ఎక్కించాను. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు, కట్ట మీద చింతచెట్టుతో. అది అలాగే ఉంది. పేజీని నా వీక్షణ జాబితాలో పెట్టుకున్నాను, రోజూ పొద్దున కాఫీ తాగుతూ చూస్తాను. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో కదా, అంతకు ముందు మనం ఉత్తర ఆర్కాటులో ఉన్నప్పటి జిల్లా మాన్యువల్‌ను, అంటే జిల్లా వివరాలతో అచ్చయిన పాత పుస్తకాన్ని, ఇప్పుడు కొంచెం కొంచెంగా చదువుతున్నాను. చెరువుల భాగం దాకా వచ్చాను, మా ఊరి పేరు ఇంకా తగల్లేదు. తగిలితే పేజీ సంఖ్యతో సహా పెడతాను. అప్పటిదాకా మా అవ్వ కథ నా నోటుబుక్కులోనే ఉంటుంది.