జీన్ పాజిటివ్ వస్తే నార్కొలెప్సీ ఉన్నట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంజినీరింగ్ రెండో ఏడాది. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా క్లాసులో నిద్రలోకి జారుకుంటాడు. ఈమధ్య గట్టిగా నవ్వితే మోకాళ్లు సడలి కూలబడబోతున్నాడు. రక్తపరీక్షలో హెచ్‌ఎల్‌ఏ డీక్యూబీ1*06:02 అనే జీన్ పాజిటివ్ వచ్చింది. ఇది నార్కొలెప్సీయేనా? వాళ్ల చెల్లికీ ఈ పరీక్ష చేయించాలా?
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: నార్కొలెప్సీ అంటే రాత్రి చాలినంత పడుకున్నా పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే మెదడు జబ్బు. ఆ రిపోర్టు కంటే మీరు రాసిన మోకాళ్ల సంగతే ముఖ్యమమ్మా. నవ్వినప్పుడో, ఆశ్చర్యపోయినప్పుడో స్పృహ తప్పకుండానే కొన్ని సెకన్లపాటు కండరాల పట్టు పోవడాన్ని కెటాప్లెక్సీ అంటారు. ఒక్కోసారి దవడ జారి మాట ముద్దగా వస్తుంది, తల వాలిపోతుంది. పగటి నిద్రకు ఇది తోడైతే టైప్-1 నార్కొలెప్సీని (కెటాప్లెక్సీతో వచ్చే రకం) గట్టిగా అనుమానించాలి. మళ్లీ వస్తే ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. దీన్ని మూర్ఛగా పొరబడే ప్రమాదం ఉంది.

ఇక జీన్ విషయం. టైప్-1 ఉన్నవారిలో నూటికి 95 మందికి పైగా ఇది ఉంటుంది. అయితే ఏ జబ్బూ లేనివారిలోనూ ఎంతోమందికి ఉంటుంది. కొన్ని జనాభాల్లో నలుగురిలో ఒకరికి. అందుకే పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఖాయం కాదు. నెగెటివ్ వస్తే మాత్రం టైప్-1 అయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. మెలకువను నిలబెట్టే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు మెదడులో నశించడమే ఈ జబ్బుకు మూలం.

తేల్చేది నిద్ర పరీక్షలే. ముందు రెండు వారాలు పడుకున్న, లేచిన వేళలు రాయించండి. తర్వాత రాత్రంతా నిద్రలో శ్వాస, మెదడు తరంగాలు నమోదు చేసే పాలీసోమ్నోగ్రఫీ చేస్తారు, గురక జబ్బు ఉంటే అందులో బయటపడుతుంది. మర్నాడు ఎంఎస్‌ఎల్‌టీ, అంటే పగలు ఎంత త్వరగా నిద్రపడుతుందో చూసే పరీక్ష: రెండు గంటలకోసారి చొప్పున ఐదుసార్లు పడుకోబెడతారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, కనీసం రెండుసార్లు 15 నిమిషాల్లోపే కలల నిద్ర వస్తే నార్కొలెప్సీకి బలం చేకూరినట్టే. పరీక్షల కోసం వారమంతా రాత్రుళ్లు మేలుకున్న కుర్రాడికీ ఫలితం ఇలాగే రావచ్చు. కాబట్టి సెమిస్టర్ పరీక్షల రోజుల్లో పెట్టుకోవద్దు. డిప్రెషన్ మందులు కలల నిద్రను అణిచేస్తాయి. అవి వాడుతుంటే సాధారణంగా రెండు వారాల ముందే ఆపాలి, ఫ్లూయాక్సెటిన్ అయితే ఇంకా ముందు. అదీ డాక్టర్ చెబితేనే. ఉన్నట్టుండి మానేస్తే కెటాప్లెక్సీ విజృంభిస్తుంది. ఇన్ని చేసినా సందేహం మిగిలితే వెన్నునీటిలో హైపోక్రెటిన్ చూస్తారు. అది మిల్లీలీటరుకు 110 పికోగ్రాములు, అంతకన్నా తక్కువ ఉంటే టైప్-1 అనే తేలుస్తారు.

చెల్లికి ఏ లక్షణమూ లేకపోతే పరీక్ష వద్దు. తోబుట్టువులకు వచ్చే అవకాశం ఒకటి, రెండు శాతమే. పాజిటివ్ వచ్చినా ముందే ఆపే మందు లేదు, ఆ పిల్లకు దిగులు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

నిద్ర అదుపులోకి వచ్చేదాకా అబ్బాయికి బైక్ ఇవ్వకండి. రుషికొండ బీచ్‌లో ఈతకు దిగనివ్వకండి. మధ్యాహ్నం 20 నిమిషాలు కునుకు తీయనివ్వండి. మెలకువగా ఉంచే మొడాఫినిల్ లాంటి మందులు రోగ నిర్ధారణ అయ్యాకే. స్లీప్ స్టడీకి పేరు రాయించేటప్పుడే ‘మర్నాటి ఎంఎస్‌ఎల్‌టీ కూడా చేస్తారా?’ అని అడగండి. కొన్నిచోట్ల గురక కోసం రాత్రి పరీక్ష ఒక్కటే చేసి పంపేస్తారు.