కారు రంగు నాలుగు కాలాలు నిలవాలంటే ఏ సీసా కొనాలి?

విదేశానికి కొత్తగా వచ్చి కారు కొన్నవాళ్లు నెల తిరగకుండానే అడిగే సందేహం ఇది. షాపులో షాంపూ, పాలిష్, వాక్స్, సీలెంట్, సెరామిక్ అంటూ గోడ నిండా సీసాలుంటాయి. అన్నిటి మీదా అదే మెరిసే కారు బొమ్మ. వీటిలో ఏది కొనాలి?

ముందు మీ కారు మీదున్న రంగు ఎంత మందమో తెలుసుకోండి. లోహం మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. మనం చూసే మెరుపంతా ఆ పై పొరదే. అది మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలచన. గీతలు పోవాలని పాలిష్ పట్టించిన ప్రతిసారీ ఆ పొరే కొంత అరుగుతుంది. అరిగింది మళ్లీ రాదు. అందుకని ఏ సీసా చేతిలోకి తీసుకున్నా ఒక్కటే చూడండి: ఇది మురికి తీసేదా, రంగును అరగదీసేదా, పైన ఒక పొర వేసేదా?

పేరును బట్టి ఇది తేలదు. పాలిష్ అని రాసినవాటిలో కొన్ని ఉత్త వాక్సే. క్లీనర్ వాక్స్ అంటే అరగదీసే సన్నటి పొడి, వాక్స్ రెండూ కలిసినది. రబ్బింగ్ కాంపౌండ్, స్క్రాచ్ రిమూవర్, స్విర్ల్ రిమూవర్ అన్నవి దాదాపు అన్నీ అరగదీసే జాతివే. సీసా వెనక గీతలు, మచ్చలు తొలగిస్తుందని ఉంటే అందులో అరగదీసే పొడి ఉందనే అనుకోండి. మూడు నెలలకోసారి కాంపౌండ్ రుద్దితే కారుకు మంచిదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా చేస్తే కొన్నేళ్లకే బానెట్ అంచుల్లో క్లియర్ కోట్ లేచిపోతుంది. ఆ తర్వాత మళ్లీ పెయింటింగ్ తప్ప దారి లేదు.

డబ్బూ శ్రద్ధా ముందుగా పెట్టాల్సింది కడగడం మీద. ఎండలో ఒక నల్ల కారు పక్కన నిలబడి సూర్యుడి ప్రతిబింబం పడిన చోట చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడులా గుండ్రంగా సన్నని గీతలు కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం రోడ్డు మీద పడినవి కావు, కడిగేటప్పుడు, తుడిచేటప్పుడు పడినవి. గుడ్డ కింద ఇసుక రేణువు ఒక్కటి చిక్కితే చాలు, చెయ్యి ఎటు పోతే అటు గీత పడుతుంది. పొడి కారు మీద పొడి గుడ్డతో దుమ్ము దులిపే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

షాంపూ ఎంచుకోవడం తేలిక. కార్ల కోసమే చేసిన, పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని రాసినది ఏదైనా సరే. గిన్నెలు తోమే లిక్విడ్ మాత్రం వాడకండి. అది జిడ్డు వదిలించడానికి చేసింది, కారు మీదున్న వాక్స్‌నూ బలహీనపరుస్తుంది. అంతకన్నా ముఖ్యం, గుడ్డ రంగు మీద జారుతూ పోవడానికి కావలసిన నునుపు దాని నురగలో అంతగా ఉండదు. సీసా మీద చెప్పిన కొలతే కలపండి. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, ఆరాక మసక పొర మిగులుతుంది.

సొంత ఇల్లు, నీళ్ల పైపు ఉన్నవాళ్లు రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. ముందు ధారగా నీళ్లు కొట్టి వదులుగా ఉన్న మట్టి పోగొట్టాలి. తర్వాత మైక్రోఫైబర్ మిట్‌ను, అంటే చేతికి తొడుక్కునే మెత్తటి తొడుగును, షాంపూలో ముంచి పైకప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి. ఒక్కో భాగం అయ్యాక మిట్‌ను ఉత్త నీళ్లలో పిండి, అప్పుడే మళ్లీ షాంపూలో ముంచాలి. డోర్ల కింది భాగం, వెనక బంపరు చివరికి. ఇసుకంతా అక్కడే ఉంటుంది. చక్రాలకు వేరే మిట్, వేరే బకెట్. స్పాంజి వద్దు, ఇసుకను లోపలికి పోనివ్వకుండా రంగుకే అదిమి పడుతుంది. ఎండలో కడగకండి. షాంపూ నీళ్లు ఆరి మరకలు కడతాయి.

అయితే వచ్చిన కొత్తలో చాలామంది ఉండేది అపార్ట్‌మెంట్‌లో. పార్కింగ్‌లో కారు కడగడం అద్దె ఒప్పందంలోనే నిషేధమై ఉండవచ్చు. వీధిలో కడగడాన్ని ఒప్పుకోని ఊళ్లూ ఉన్నాయి, ఎందుకంటే వాన నీటి కాలువలు శుద్ధి కాకుండా నేరుగా వాగుల్లోకి, నదుల్లోకి పోతాయి. ముందు ఆ నిబంధనలు కనుక్కోండి. నీళ్లు కారనివ్వకుండా కడగడానికి రిన్స్‌లెస్ వాష్ ఉంది, అంటే తుడిచాక మళ్లీ నీళ్లతో కడగనక్కర్లేని ద్రావణం. ఆప్టిమమ్ నో రిన్స్ లాంటివి దాదాపు 4 లీటర్ల నీళ్లకు 15 మి.లీ. కలిపితే చాలు. వేరే కంపెనీదైతే దాని మీదున్న కొలత చూడండి. 8 లీటర్ల నీళ్లకు 30 మి.లీ. కలిపి, అందులో ఎనిమిదో పదో చిన్న మైక్రోఫైబర్ గుడ్డలు నానేయండి. అదే ద్రావణాన్ని స్ప్రే సీసాలో పోసి ముందుగా ఒక్క డోరు మీద కొట్టి నిమిషం ఆగండి, దుమ్ము మెత్తబడుతుంది. నానిన గుడ్డను రెండు మడతలు పెడితే ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక్కో ముఖంతో ఒకే దిక్కుగా, బరువు వేయకుండా తుడవండి. మురికైన ముఖం మళ్లీ రంగుకు తగలకూడదు, మురికైన గుడ్డ మళ్లీ బకెట్లో పడకూడదు. వెంటనే పెద్ద పొడి తువ్వాలు పరిచి తడి పీల్చేయండి. కారంతా కలిపి ఒక్క బకెట్ నీళ్లతో అయిపోతుంది. బురద, ఉప్పు గడ్డకట్టి ఉంటే మాత్రం ఈ పద్ధతి నేరుగా పనికిరాదు. ముందు సెల్ఫ్ సర్వీస్ వాష్‌కు తీసుకెళ్లి ప్రెజర్ నీళ్లతో కొట్టించాలి. అక్కడ వేలాడే నురగ బ్రష్ జోలికి పోకండి. మీకన్నా ముందు అది ఏ ట్రక్కు చక్రాల బురద తోమిందో తెలియదు. ఆటోమేటిక్ వాష్ తప్పనిసరైతే బ్రష్షులు తగలని టచ్‌లెస్ రకానికి వెళ్లండి. అందులో రసాయనాలు ఘాటుగా ఉంటాయి కాబట్టి వాక్స్ త్వరగా పోతుంది, కానీ గీతలు పడవు.

మంచు పడే చోట రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పుకు వాక్సే మందు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉప్పు దెబ్బ తగిలేది చక్రాల లోపలి వంపుల్లో, కారు అడుగున, రాయి తగిలి రంగు లేచిన చోట. అందుకే చలికాలంలో గడ్డకట్టని రోజు చూసి, రెండు వారాలకోసారైనా అడుగు భాగానికి నీళ్లు కొట్టించండి. తర్వాత డోర్ల రబ్బర్లు తుడిచేయండి, లేకపోతే రాత్రికి డోరు అతుక్కుపోతుంది. రంగు లేచిన చుక్కలకు చలి రాకముందే టచప్ పెయింట్ పెట్టండి. మీ రంగు కోడ్ చాలా కార్లలో డ్రైవర్ డోరు చట్రం మీది స్టిక్కర్‌లో ఉంటుంది. కారు మీద మంచును గట్టి బ్రష్‌తో గీకవద్దు, ఫోమ్ తలున్న తోపుడు కర్ర వాడండి. అడుగున మిగిలిన పలచటి పొరను వదిలేయండి.

పక్షి రెట్టను మాత్రం రేపటికి వదలకండి. వేడి ఎండలో అది క్లియర్ కోట్‌ను తినేస్తుంది, ఆ గుంట కడిగినా పోదు. టిష్యూ కాగితం తడిపి దాని మీద ఐదు నిమిషాలు పరిచి ఉంచి, రుద్దకుండా పైకి ఎత్తేయండి. చెట్టు జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ అర నిమిషం అదిమి పట్టి తుడిచి, నీళ్లతో కడిగేయండి. ఆ చోట వాక్స్ పోతుంది కనుక మళ్లీ కొంచెం పెట్టండి.

కడిగి ఆరాక చేతికి పలచటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్ మీద నిమరండి. ఇసుక కాగితంలా గరగరమంటే షాంపూకు వదలని మురికి ఉన్నట్టు. అందులో బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను చాలా ఉంటుంది. దానికి ఐరన్ రిమూవర్. నీడలో, చల్లటి కారు మీద కొడితే మూడు నాలుగు నిమిషాల్లో ఊదా రంగు ధారలు కారతాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, అది దాని సహజ లక్షణమే. ఆరనివ్వకుండా పుష్కలంగా నీళ్లు కొట్టండి. ఇంకా గరుకుంటే క్లే ముద్ద (మురికిని అంటించుకుని లాగే మట్టి లాంటి ముద్ద) చిన్నది తీసుకుని, షాంపూ నీళ్లు చల్లుతూ, బరువు లేకుండా జార్చండి. ముద్ద కింద పడితే ఎంత కొత్తదైనా పారేయాల్సిందే. ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి వద్దు, క్లే కూడా సన్న గీతలు పెడుతుంది.

ఇక పాలిష్. కొత్త కారుకు అక్కర్లేదు. పాత కారులో గీత మీద గోరు అడ్డంగా జరపండి. గోరు తట్టుకుంటే ఆ గీత పాలిష్‌తో పూర్తిగా పోదు, పోగొట్టాలని చూస్తే చుట్టూ ఉన్న క్లియర్ కోట్ పోతుంది. తట్టుకోని సాలెగూడు గీతలకైతే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే పక్కలకూ ఊగే మెషిన్) కొనండి లేదా అరువు తెచ్చుకోండి. ప్యాడ్ ఒకే చోట గుండ్రంగా తిరిగే రోటరీ మెషిన్ కొత్త చేతులకు వద్దు. అది ఒకేచోట వేడి పుట్టించి రంగును కాల్చేస్తుంది. ఎప్పుడూ అన్నిటికన్నా సన్నటి పాలిష్, మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో మొదలుపెట్టండి. ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు మూడో నాలుగో చాలు. 45 సెంటీమీటర్ల చదరంలో, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, మొత్తం నాలుగైదు సార్లు నెమ్మదిగా నడపండి. తుడిచి, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడిచి, టార్చి వేసి చూడండి. ఈ రెండో తుడుపు తప్పనిసరి, ఎందుకంటే కొన్ని పాలిష్‌లలో నూనెలు గీతల్లో నిండి అవి పోయినట్టు కనిపించేలా చేస్తాయి, రెండు కడుగుళ్లకు మళ్లీ తేలతాయి. ఆ చదరం బాగుంటేనే మిగతా కారు, లేకపోతే అప్పుడు ఒక మెట్టు గట్టిది. అంచులు, మడతల మీద రంగు పలచగా ఉంటుంది, అక్కడ టేపు అతికించండి. మెరుపు లేని మ్యాట్ రంగు కారైతే పాలిష్, మామూలు వాక్స్ రెండూ నిషిద్ధం.

పైన వేసే పొరల్లో కార్నోబా వాక్స్ అంటే బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీది మైనం. మెరుపు లోతుగా ఉంటుంది, నిలిచేది రెండు మూడు నెలలే. సింథటిక్ సీలెంట్ నాలుగు నుంచి ఆరు నెలలు వస్తుంది. ఏది పెట్టినా కనిపించీ కనిపించనంత పలచగా పూయండి. దళసరిగా పూసింది అతుక్కోదు, తుడవడమే కష్టమవుతుంది. నల్ల ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి, తెల్లగా మరకలు పడతాయి. సిలికా కలిసిన స్ప్రే సీలెంట్‌లు కడిగిన కారు మీద కొట్టి తుడిస్తే చాలు, పావుగంట పని. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు ఇదే సరైనది. నీళ్లు ముత్యాల్లా నిలవడం ఆగితే పొర పోయిందని కంగారు పడకండి. ఒక్కోసారి దాని మీద మురికి పేరుకున్నా అలాగే ఉంటుంది. బాగా కడిగి మళ్లీ చూడండి.

సెరామిక్ కోటింగ్ ఏళ్ల తరబడి నిలిచే మాట నిజమే. కానీ దాని కింద ఏ గీతలుంటే అవే గాజు కింద బొమ్మల్లా ఉండిపోతాయి, కాబట్టి ముందు పాలిష్ కావాలి. పూసిన తర్వాత చెప్పిన సమయానికి తుడవకపోతే మచ్చలు గట్టిపడి, వాటిని మళ్లీ అరగదీయాల్సి వస్తుంది. మొదటి రోజు నీళ్లు పడకూడదు, అంటే కప్పున్న చోటు ఉండాలి. 9హెచ్ అని రాసేది పెన్సిల్ గట్టితనం కొలత, రాళ్ల దెబ్బకు దానికి సంబంధం లేదు. రాళ్ల నుంచి కాపాడేది దళసరి పారదర్శక ఫిల్మ్, పీపీఎఫ్. అది బానెట్, ముందు బంపరుకు వేయించుకున్నా చాలు. కారు కొనేటప్పుడు సంతకాల బల్ల దగ్గర పెయింట్ ప్రొటెక్షన్ ప్యాకేజీ అని వాయిదాల్లో కలిపేస్తారు. ఏ కంపెనీది, ఎన్ని పొరలు, ఎన్నేళ్లు, పక్షి రెట్ట, నీటి మరకలు వారంటీలో ఉన్నాయా అన్నవి కాగితం మీద చూపించమనండి. చూపించకపోతే వద్దనండి. అదే సమయంలో డెలివరీకి ముందు కారు కడగవద్దని కూడా చెప్పండి. చాలా కొత్త కార్లకు మొదటి సాలెగూడు గీతలు ఆ హడావుడి కడుగుడులోనే పడతాయి.

మొదటి కొనుగోలుకు ఒక షాంపూ లేదా రిన్స్‌లెస్ వాష్, ఒక స్ప్రే సీలెంట్, 300 నుంచి 400 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల్లో గుడ్డ బరువు) మైక్రోఫైబర్ గుడ్డలు డజను, ఆరబెట్టడానికి పెద్ద తువ్వాలు ఒకటి సరిపోతాయి. గుడ్డల చుట్టూ ఉన్న లేబుళ్లు, గట్టి కుట్లు తీసేయండి, గీతలు పెడతాయి. చక్రాలకు వాడేవి వేరే రంగువి ఎంచుకోండి, అవి ఎన్నిసార్లు ఉతికినా రంగు మీదికి రాకూడదు. నూలు బట్టలతో కలిపి ఉతికితే పీచు అంటుకుంటుంది, ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ వేస్తే నీళ్లు పీల్చవు, డ్రైయర్‌లో ఎక్కువ వేడికి పోగులు కరిగి గరుకవుతాయి. విడిగా, తక్కువ వేడిలో ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి.