తలుపుల షెడ్డుకి జిగ్‌సా, పాలిషర్: ఏది కొనాలి, ఎలా వాడాలి?

రాజాం దగ్గర కొత్తగా షెడ్డు పెట్టుకుని తలుపులు, మంచాలు చేస్తున్న తమ్ముడు అడిగింది ఇదీ: బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే చేతి మెషిన్, జిగ్‌సా ఎన్ని వాట్లది తీసుకోవాలి, పూతని రుద్ది మెరిపించే పాలిషర్ విడిగా కొనాలా, లేక ఉన్న నాలుగంగుళాల గ్రైండర్‌కే ఉన్ని ప్యాడ్ తగిలిస్తే సరిపోతుందా అని. శ్రీకాకుళంలో నాదీ అలాంటి షెడ్డే, ఈ మెషిన్లు రోజూ చేతిలో ఆడేవే.

ముందు గ్రైండర్ మాట. అది మాత్రం వద్దు తమ్ముడూ. గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఆ స్పీడులో నాలుగంగుళాల ప్యాడ్ అంచు గంటకు 200 కిలోమీటర్ల పైనే పరిగెడుతుంది. పాలిషర్ పని 600 నుంచి 3,000 చుట్లలోపే. గ్రైండర్ పెడితే పాలిష్ మెరవదు, కాలుతుంది. పైగా మన నాలుగంగుళాల గ్రైండర్లకు ఎక్కువగా ఎం10 (10 మిల్లీమీటర్ల) మర ఉంటుంది, పాలిషింగ్ ప్యాడ్లకు ఎం14. షాపువాడు అడాప్టర్ ఇస్తానంటాడు. తీసుకోకు.

అసలు తలుపుల పనికి పాలిషర్ కంటే ముందు కావలసింది ఐదంగుళాల ఆర్బిటల్ శాండర్, అంటే గరుకు పేపర్‌తో కర్రని నున్నగా రుద్దే మెషిన్. చిత్రిక పట్టాక 120, 180, 220 నంబరు పేపర్లు వరసగా వేసి, కర్ర రంధ్రాలు పూడ్చే సీలర్ కొట్టాక 320తో చేత్తో రుద్దితే, మ్యాట్ ఫినిష్‌కి ఇక ప్యాడ్‌తో మెరిపించే (బఫింగ్) పనే లేదు. అద్దంలా మెరవాలని పట్టుబట్టే పార్టీ వచ్చినప్పుడే పాలిషర్ బయటికి తీస్తాం. ఆ పని వచ్చేదాకా ఆ డబ్బు జిగ్‌సా మీద పెట్టు.

పాలిషర్ కొనేటప్పుడు వాట్లకన్నా స్పీడ్ డయల్ చూడు. మెల్లగా మొదలై స్పీడందుకునే రకమైతే పాలిష్ ముద్ద (కాంపౌండ్) షెడ్డు గోడల మీద చిమ్మదు. తలుపుని నిలబెట్టి కాదు, స్టూళ్ల మీద పడుకోబెట్టి చెయ్యి. పీయూ (పాలీయూరెథేన్) పూత బాగా ఆరాక 1500, 2000 పేపర్లతో తడిపి రుద్ది, తుడిచి, ఆరబెట్టి, అప్పుడు కాంపౌండ్. ముందు అన్నిటికంటే తక్కువ స్పీడులో పరిచి, తర్వాత కాస్త పెంచు. ఒకచోట ఆగొద్దు. అసలు తంటా అంచుల దగ్గరే: ప్యాడ్ తిరిగే దిశ తలుపు మీంచి బయటికి పోతూ ఉండాలి, బయటి నుంచి అంచు మీదికి రాకూడదు. వస్తే ఒక్క క్షణంలో పూత లేచిపోయి కర్ర కనబడుతుంది. ఉన్ని ప్యాడ్ తాడు కొసలు లోపలికి దోపుకో. భుజం మీద తువ్వాలు మాత్రం తీసి పక్కన పెట్టు, ఈ అలవాటు మన వైపు అందరికీ ఉంది.

వానాకాలంలో ఇంకోటి. ఎన్‌సీ లక్కర్ (నైట్రోసెల్యులోజ్ పూత) కొడితే గాలిలో తేమకి తెల్లటి పొగలా పడుతుంది. పైపైన పట్టినదైతే కాంపౌండ్‌కి పోవచ్చు. లోపలిదాకా దిగితే పాలిషర్ ఎంత తిప్పినా దండగే, ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ థిన్నర్ కొట్టాల్సిందే.

ఇక జిగ్‌సా. 450 వాట్ల చిన్నది ప్లైవుడ్‌కి, అంగుళం పలకకి చాలు. టేకుతో పనెక్కువైతే 700 వాట్ల దరిదాపుల్లోది తీసుకో. స్పీడ్ కంట్రోల్, బ్లేడుని ముందుకీ వెనక్కీ ఊపే పెండ్యులం మీట (0 నుంచి 3 దాకా), టీ-షాంక్ (టీ ఆకారపు తోక ఉన్న) బ్లేడు పట్టే హోల్డరు, ఈ మూడూ ఉన్నాయో లేదో చూడు. తిన్నగా, గబగబా కోయాలంటే మీట 2 లేదా 3లో. వంపులకి, సన్‌మైకాకి, రేకుకి 0లో.

డబ్బాపై 80 మిల్లీమీటర్లు కోస్తుందని రాసి ఉన్నా ద్వారబంధం కోతకి దీన్ని నమ్ముకోకు. మందం కర్రలో బ్లేడు కింద వంగుతుంది, పైన గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, తిప్పి చూస్తే అడుగున పక్కకి పోయి ఉంటుంది. రెండంగుళాల టేకులో వంపు తియ్యాలంటే గీతకి రెండు మిల్లీమీటర్లు బయట కోసి, మిగతాది ఆకురాయితో సరిచేసుకోవడమే మేలు.

మామూలు బ్లేడు పళ్లు పైకి కోస్తాయి, అందుకే పెచ్చులు పైవైపే లేస్తాయి. మంచి ముఖం కిందికి పెట్టి వెనక వైపు గీసి కోయి. అలా కుదరని చోట తిరగేసిన పళ్ల బ్లేడు, టీ101బీఆర్ అని అడిగితే ఇస్తారు. వంపులకి సన్న వీపున్న బ్లేడు వేరే ఉంటుంది. కోత అయ్యాక బ్లేడు పూర్తిగా ఆగేదాకా మెషిన్ లేపొద్దు, లేపితే కొస చెక్కకి కొట్టుకుని బ్లేడు వంగుతుంది. కోత నల్లబడి కాలిన వాసన వస్తే తోయడం ఆపి బ్లేడు మార్చు. 2018లో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో పడిపోయిన పనస పలకలు మా షెడ్డుకీ వచ్చాయి. పచ్చిమీద కోసినవాటి పొట్టు పళ్ల మధ్య ముద్దకట్టి బ్లేడు కదిలేది కాదు. అవే పలకలు ఆరాక హాయిగా కోశాం.

ఒక్కటి అడుగుతాను: షెడ్డుకి కరెంటు ఎంత దూరం నుంచి లాగావు? సన్నటి వైరు మీద దూరంగా నడిపితే వోల్టేజీ పడి మోటారు వేడెక్కుతుంది. ఎక్స్‌టెన్షన్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వెయ్యి. తడి పేపర్ పని ఉంటుంది కాబట్టి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ కూడా పెట్టించు.